తెరుచుకోని ఛాయాచిత్రాలు

నిరుడు శ్రావణమాసంలో ఒకనాటి సాయంకాలం మా అక్కయ్య రాజమండ్రి నుండి హైదరాబాదు వచ్చింది. సంచీ క్రింద పెట్టి, మంచినీళ్లయినా త్రాగకుండా, చెంగున కట్టిన ముడి విప్పి, చిటికెన వ్రేలంత పెన్‌డ్రైవ్ ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఒరే తమ్ముడూ! ఇందులో నాన్నగారున్నారు. తెరుచుకోవటం లేదురా. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి" అన్నది.

మా నాన్నగారు 2019లో కాలం చేశారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2015 జూలైలో గోదావరి పుష్కరాలకు మా కుటుంబమంతా కొవ్వూరు వెళ్లింది. గోష్పాద క్షేత్రం రేవులో ఆయన అమ్మ చేయి పట్టుకొని నీళ్లలోకి దిగుతుండగా మా మేనల్లుడు చిన్న కెమేరాతో బొమ్మలు తీశాడు. 2018లో ఆయనకు సహస్ర చంద్రదర్శన శాంతి జరిపించినప్పటి బొమ్మలు అదే మేనల్లుడి సెల్‌ఫోనులో ఉండేవి. ఈ రెండు సందర్భాల బొమ్మలూ ఒకచోట చేర్చి అమ్మమ్మకు చూపించాలన్న సదుద్దేశంతోనే అతడు వాటిని ఆ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. మా నాన్నగారు ఫొటో తీయించుకోవటమంటే ఇష్టపడే మనిషి కాదు. కెమేరా కనిపిస్తే ముఖం గంభీరంగా పెట్టుకొనేవారు. ఆయన నవ్వుతూ ఉన్న చిత్రం మా ఇళ్లలో గోడల మీద గాని, ఆల్బములలో గాని మరొకటి లేదు.

అక్కయ్య అప్పటికే ఒక కంప్యూటరు దుకాణంలో చూపించిందట. ఆ దుకాణదారు రెండు నిమిషాలు చూసి, "పాడైపోయాయమ్మా! ఫార్మాట్ చేసి ఇస్తాను, కొత్తదానిలా పని చేస్తుంది" అన్నాడట. పెన్‌డ్రైవ్ కొత్తదానిలా పని చేయవలసిన అవసరం మా అక్కయ్యకు లేదు. ఆమెకు పాతదే కావాలి. అందుచేత ఆమె దానిని లాక్కొని రైలెక్కింది. ఆమె చేసిన పనులన్నిటిలోనూ తెలివైనది అదే.

నేను కంప్యూటరు ఇంజనీరును కాను. ముప్ఫై సంవత్సరాలు కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. అయినా ఈ పనికి పూనుకొని పది రోజులు కూర్చున్న మీదట నాకు బోధపడిన విషయమేమిటంటే, 'ఫొటో తెరుచుకోవటం లేదు' అన్నది ఒక జబ్బు పేరు కాదు. అది జ్వరం వంటి లక్షణం. దాని వెనుక అయిదారు వేర్వేరు వ్యాధులు ఉండవచ్చు. ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి విషమవుతుంది. కంప్యూటరు తెర మీద కనిపించే వాక్యం మాత్రం అన్నిటికీ దాదాపు ఒక్కటే: ఈ ఫైలును తెరవజాలము.

మొట్టమొదట నేను చేసిన పని, నిజానికి, ఏమీ చేయకపోవటం. పెన్‌డ్రైవ్‌ను కంప్యూటరుకు తగిలించగానే 'దీనిని సరిచేయమంటారా? ఫార్మాట్ చేయమంటారా?' అని తెర అడుగుతుంది. రెండింటికీ వద్దనే చెప్పాలి. అందులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్లుగా కంప్యూటరులో ఒక సంచికలోకి నకలు తీసి, పెన్‌డ్రైవ్‌ను డబ్బాలో పెట్టి తాళం వేశాను. ఇక మీదట చేసే ప్రయోగమంతా నకలు మీదనే. చేతివ్రాత పుస్తకాలను పరిష్కరించే పండితులు మూల తాళపత్రం మీద కలం పెట్టరు కదా!

నకలులో మొత్తం 46 ఫైళ్లు ఉన్నవి. వాటిలో 17 ఏ చిక్కూ లేకుండా తెరుచుకొన్నవి. అన్నీ రేవులోని జనం, గుడి గోపురం, ఎవరో తెలియని పిల్లలు. మిగిలిన 29 తెరుచుకోలేదు, లేదా సగమే తెరుచుకొన్నవి. మా వాళ్లందరూ ఆ ఇరవై తొమ్మిదిలోనే ఉన్నారు.

ఇక్కడ ఫైలు పేరు గురించి రెండు మాటలు చెప్పాలి. ప్రతి ఫొటో పేరుకూ చివర ఒక చుక్క, దాని తరువాత 'జె.పి.జి.' వంటి మూడు నాలుగు అక్షరాల తోక ఉంటుంది. విండోస్ సాధారణంగా ఈ తోకను మనకు కనబడనీయదు. ఫైళ్ల కిటికీలో 'వ్యూ' అన్నచోట నొక్కి, తోకలు చూపమని మనమే చెప్పుకోవాలి. ఈ తోక డబ్బా మీద అతికించిన చీటీ వంటిది మాత్రమే. 'కందిపప్పు' అని చీటీ ఉన్న డబ్బాలో శనగపప్పు ఉండవచ్చు. చీటీ మార్చినంత మాత్రాన పప్పు మారదు. మా మేనల్లుడు కొన్ని ఫైళ్లు తెరుచుకోకపోయేసరికి వాటి తోకలన్నిటినీ 'జె.పి.జి.' అని మార్చి ఊరుకొన్నాడు. దానివల్ల మేలు జరగలేదు సరిగదా, ఏ డబ్బాలో ఏమున్నదో తెలిపే గుర్తు కూడా పోయింది.

అయితే అదృష్టవశాత్తు, ప్రతి జాతి చిత్రానికీ లోపల, మొదటి కొన్ని అంకెలలోనే, ఒక పుట్టుమచ్చ ఉంటుంది. ఫైలంటే నిజానికి సున్న మొదలు 255 వరకు గల సంఖ్యల వరుస. జెపెగ్ చిత్రం ఎప్పుడూ 255, 216 అనే రెండు సంఖ్యలతో ప్రారంభమై 255, 217తో ముగుస్తుంది. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే పిచ్చి గీతల నడుమ మొదటి వరుసలోనే 'జె.ఎఫ్.ఐ.ఎఫ్.' అని గాని, 'ఎక్జిఫ్' అని గాని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే అది జెపెగ్. 'జి.ఐ.ఎఫ్.' అక్షరాల వెంట 89 గాని 87 గాని ఉంటే గిఫ్. 'బి.ఎం.' అని ఉంటే పాతకాలపు బిట్‌మ్యాప్. 'ఆర్.ఐ.ఎఫ్.ఎఫ్.' తరువాత కొద్ది దూరంలో 'వెబ్‌పి' అని ఉంటే, గూగుల్ సంస్థ 2010లో తెచ్చిన కొత్త రకం. పాత సాఫ్ట్‌వేర్లకు దాని ముఖపరిచయం ఉండదు. ఇలా చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త తప్పనిసరి. చూసిన తరువాత 'సేవ్' నొక్కకుండా మూసివేయాలి. నోట్‌ప్యాడ్ మంచి పాఠకుడే గాని, చిత్రాలకు మంచి లేఖకుడు కాదు. సేవ్ చేస్తే ఉన్న చిత్రం కాస్తా నాశనమవుతుంది.

మా ఫైళ్లలో లేకపోయినా, ఈ సందర్భంలో పి.ఎన్.జి. అనే చిత్రజాతి పుట్టుమచ్చను గూర్చి చెప్పకుండా ఉండలేను. 1996లో దానిని రూపొందించినవారు మొదటి ఎనిమిది సంఖ్యలనూ 137, 80, 78, 71, 13, 10, 26, 10 అని నిర్ణయించారు. 80, 78, 71 అన్నవి పి, ఎన్, జి అక్షరాలు. తక్కినవి యాదృచ్ఛికాలు కావు. ఆ రోజుల్లో కొన్ని తంతి మార్గాలు 127కు మించిన సంఖ్యలను మోయలేక కత్తిరించేవి. ఆ దెబ్బ తగిలిందీ లేనిదీ 137 చెప్పేస్తుంది. కొన్ని యంత్రాలు పంక్తి చివర వచ్చే 13, 10 జంటను తమ అలవాటు ప్రకారం ఒకే సంఖ్యగా మార్చివేసేవి. మరికొన్ని ఒంటరి 10ని జంటగా మార్చేవి. ఆ రెండు నేరాలనూ చివరి సంఖ్యలు పట్టుకొంటాయి. 26 చూడగానే పాత డాస్ యంత్రం ఫైలును తెర మీద ఒలకబోయటం ఆపివేసేది. అంటే, దారిలో తగలబోయే గాయాలన్నిటినీ ముందే ఊహించి నొసటనే వ్రాసిపెట్టారు. ఇంత ముందుచూపు గల ఎనిమిది సంఖ్యలను నేను మరెక్కడా చూడలేదు.

ఇక మా 29 ఫైళ్లు.

ముందు రెండు చిన్నవి తేలినవి. వాటి పరిమాణం పదేసి కిలోబైట్లకు మించి లేదు. ఇంటి కెమేరా తీసిన ఫొటో అంత తేలికగా ఉండదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పుట్టుమచ్చ స్థానంలో వెబ్ పుటలు వ్రాసే 'హెచ్.టి.ఎం.ఎల్.' భాష కనిపించింది. అమెరికాలో ఉన్న మా మేనకోడలు తన ఖాతాలోని రెండు చిత్రాలకు లంకెలు పంపిందట. అక్కయ్య వాటిని నొక్కినప్పుడు దిగుమతి అయినది ఫొటో కాదు, 'ముందు మీ పేరు, రహస్యపదం చెప్పండి' అని అడిగే వాకిటి పుట. దాని మీద ఫొటో చీటీ అతుక్కొన్నది, అంతే. మేనకోడలికి ఫోను చేస్తే మర్నాటికి అసలు చిత్రాలు వచ్చినవి.

తరువాత 12 ఫైళ్లలో, ఆరంభంలోనే 'హెచ్.ఇ.ఐ.సి.' అన్న నాలుగక్షరాలు దొరికినవి. అవి సహస్ర చంద్రదర్శనం నాటి సెల్‌ఫోను చిత్రాలు. అవి ఏమాత్రం చెడిపోలేదు. ఆపిల్ సంస్థ 2017లో తన ఫోన్లలో జెపెగ్‌ను ప్రక్కన పెట్టి హీక్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. అదే నాణ్యత గల చిత్రం ఇందులో సుమారు సగం చోటులో ఇమిడిపోతుంది. వీడియోలను కుదించటానికి ఏర్పడిన హెచ్.ఇ.వి.సి. అనే విద్యనే దీనిలో నిశ్చలచిత్రానికి వాడుతారు. చిక్కల్లా ఆ విద్య మీద అనేక సంస్థలకు పేటెంట్లు ఉండటం. అందుచేతనే ఎన్నో విండోస్ కంప్యూటర్లలో ఈ చిత్రాలు తెరుచుకోవాలంటే మైక్రోసాఫ్ట్ దుకాణం నుండి రెండు అనుబంధాలు దించుకోవలసి వస్తుంది. చిత్రాలకు సంబంధించినది ఉచితం. హెచ్.ఇ.వి.సి. అనుబంధానికి స్వల్ప రుసుము అడుగుతారు. ఇంటి పెద్దల ముఖాలు చూసుకోవటానికి పేటెంటుదారులకు పన్ను కట్టవలసి రావటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ పన్నెండింటికీ అసలు తోక తగిలించి, అనుబంధాలు దించగానే, నాన్నగారు పట్టుపంచెతో పీట మీద కూర్చొని ప్రత్యక్షమయ్యారు. యథాప్రకారం గంభీరంగానే. అక్కయ్య మాత్రం మాట్లాడలేదు, తెరకు చేరువగా కుర్చీ జరుపుకొన్నది.

ఆ ఫోనువారు ఇకమీదట ఈ చిక్కు రాకూడదనుకొంటే, ఫోను సెట్టింగులలో కెమేరా క్రింద 'ఫార్మాట్స్' అన్నచోట 'మోస్ట్ కంపాటిబుల్' అన్నదానిని ఎంచుకోవచ్చు. అప్పటి నుండి తీసే ఫొటోలు జెపెగ్‌గానే పుడతాయి.

మిగిలినవి 15. వీటి తోకలూ, పేర్లూ సక్రమమైనవే. పుష్కరాల నాటి కెమేరా చిత్రాలు. వీటిలో ఆరింటికి పైభాగం కనిపిస్తున్నది. ఆకాశం, గోపుర శిఖరం, గొడుగులు ఉన్నవి. ఆ క్రింద కత్తితో కోసినట్లు బూడిదరంగు. ఒకదానిలో కోత దగ్గర రంగులు కూడా తారుమారై, జనమంతా గులాబీ రంగు పులుముకొని ఉన్నారు. తొమ్మిదింటి పరిమాణం సున్న. పేరుండి ఒళ్లు లేని ఫైళ్లు.

ఈ బూడిదరంగు ఎందుకు వస్తుందో తెలియాలంటే జెపెగ్ గర్భంలోకి కొంచెం తొంగిచూడాలి. అది చూడదగినదే, ఎందుకంటే దాని పునాదిరాయి వేసినవారు మనవారు. నసీర్ అహ్మద్ 1940లో బెంగుళూరులో జన్మించిన ఇంజనీరు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండగా, 1972లో, చిత్రాలను కుదించటానికి కొసైన్ తరంగాలను వాడవచ్చునేమో పరిశీలిస్తాను, సహాయం చేయండని అక్కడి జాతీయ సైన్సు సంస్థను అడిగాడు. ఆలోచన మరీ సరళంగా ఉన్నదని వారు నిరాకరించారు. ఆయన మానలేదు. తన శిష్యుడు టి. నటరాజన్‌తోనూ, టెక్సాస్‌లో పనిచేస్తున్న కె.ఆర్. రావుతోనూ కలిసి 1974 జనవరిలో పరిశోధన పత్రం ప్రకటించాడు. 2021లో దివంగతులైన ఈ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆ పేరు వింటే చాలు, ఇంటిభాషను వేరే చెప్పనక్కరలేదు. 1986లో ఏర్పడిన జెపెగ్ నిపుణుల సంఘం ఆ సూత్రాన్నే ఆధారం చేసుకొని 1992లో ప్రమాణాన్ని ప్రకటించింది. మన చేతిలోని ఫోనులో ప్రతి జెపెగ్ బొమ్మ వెనుకనూ ఆ మువ్వురి గణితం ఉన్నది.

ఈ పద్ధతిలో చిత్రాన్ని ఎనిమిదికి ఎనిమిది చుక్కల చదరాలుగా, అంటే ఒక్కొక్కటి 64 చుక్కల చొప్పున, కోస్తారు. ప్రతి చదరాన్నీ 64 తరంగాల మిశ్రమంగా లెక్కకట్టి, కంటికి ఆనని సన్నతరంగాలను విడిచిపెడతారు. మిగిలిన సంఖ్యలను, డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రకటించిన పొదుపు లిపిలో, తరచుగా వచ్చేవాటికి పొట్టి గుర్తులూ, అరుదుగా వచ్చేవాటికి పొడుగు గుర్తులూ ఇచ్చి, మధ్య ఖాళీ లేకుండా వ్రాసుకొంటూ పోతారు. దీనిలో విడి విడి పదాలు లేవు. మొదటినుంచి వరుసగా చదివితేనే ఎక్కడ ఏది ముగిసిందో తెలుస్తుంది. నడుమ ఒక్క గుర్తు పోతే అక్కడినుంచి పాఠమంతా అపభ్రంశమే. పైగా ప్రతి చదరపు సగటు వెలుగును విడిగా చెప్పరు. 'ముందటి చదరం కన్న ఇంత హెచ్చు, ఇంత తగ్గు' అని మాత్రమే చెబుతారు. ఒక తేడా తప్పితే ఆపై చదరాలన్నీ అదే తప్పును మోసుకొంటూ పోతాయి. మా గులాబీ జనానికి కారణం అదే. సంఖ్యలు అసలే లేకుండా పోయినచోట చదివే సాఫ్ట్‌వేరు ఏమి చేయాలో తోచక మధ్యస్థమైన బూడిదరంగు నింపి ఊరుకొంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆపాటి ఓపిక కూడా లేక మొత్తం ఫైలునే నిరాకరిస్తాయి. అందువల్ల ఒకదానిలో తెరుచుకోని చిత్రాన్ని మరొకదానిలో తెరిచి చూడటం ఎప్పుడూ వృథా కాదు. 1996 నుండి ఉచితంగా లభిస్తున్న ఇర్ఫాన్‌వ్యూ వంటి ఓపికస్తులున్నారు.

అయితే సంఖ్యలు ఎట్లు పోయినవి? మేనల్లుణ్ణి అడిగితే మొదట 'నేనేం చేయలేదు మామయ్యా' అన్నాడు. తరువాత కొంచెం కొంచెంగా చెప్పాడు. కెమేరా కార్డులోని ఫొటోలను నకలు తీయలేదు. 'కట్' చేసి పెన్‌డ్రైవ్‌లో అతికించాడు. తెర మీద కాపీ గీత చివరకంటా వెళ్లగానే, బస్సుకు వేళ అయినదని పెన్‌డ్రైవ్‌ను లాగివేశాడు. గీత చివరకు వచ్చినా కొంత సమాచారం ఇంకా కంప్యూటరు జ్ఞాపకంలోనే ఉండి, పెన్‌డ్రైవ్ చేరుకోకపోవచ్చు. 'ఇక తీసుకోవచ్చు' అని కంప్యూటరు చెప్పేదాకా ఆగమనటం అందుకే. ఆ నాలుగు క్షణాలు ఆగని ఫలితం పదిహేను ఫొటోలు. అటు కార్డులో చెరిగిపోయినవి, ఇటు పెన్‌డ్రైవ్‌కు చేరలేదు.

"ఆ కార్డు ఇంకా ఉన్నదా?" అన్నాను.

ఉన్నది. కెమేరాలోనే ఉన్నది. ఇక్కడనే నాకు ఆశ చిగిర్చింది.

కెమేరా కార్డులో ఫైలును చెరిపివేస్తే చిత్రం చెరగదు. కార్డు మొదట్లో ఒక పట్టిక ఉంటుంది. ఏ చిత్రం ఎక్కడ మొదలై ఏయే గదులలో ఉన్నదో చెప్పే పట్టిక అది. చెరపటమంటే ఆ పట్టికలో పేరులోని మొదటి అక్షరాన్ని మార్చి, ఆ గదులు ఖాళీ అని వ్రాసుకోవటం మాత్రమే. అద్దెకున్నవారు ఇంకా గదిలోనే ఉన్నారు, రిజిస్టరులో మాత్రం ఖాళీ అని వ్రాశారు. కొత్తవారు దిగేదాకా పాతవారికి ముప్పు లేదు. కాబట్టి పొరపాటు తెలిసిన క్షణం నుండి ఆ కార్డుతో మరొక్క ఫొటో కూడా తీయకూడదు. ఈ సౌలభ్యం కార్డులకే ఎక్కువ. నేటి కంప్యూటర్లలోని ఎస్.ఎస్.డి.లు ఖాళీ అనుకొన్న గదులను తామే ఊడ్చివేస్తాయి. సెల్‌ఫోను లోపలి సమాచారం రహస్యలిపిలో ఉంటుంది. అక్కడ ఈ ఆశ పెట్టుకోరాదు.

కార్డు తెప్పించి, ప్రక్కనుండే చిన్న మీటను 'లాక్' వైపు జరిపి, ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో గాలించాను. దీనిని వ్రాసినవాడు క్రిస్టఫ్ గ్రెనియే అనే ఫ్రెంచి దేశస్థుడు. నల్లని తెర, తెల్లని అక్షరాలు. చూడటానికి భయం గొలుపుతుంది గాని చేసే పని సులువైనదే. అది పట్టికను నమ్మదు. కార్డును మొదటి గది నుండి చివరి గది దాకా తడుముతూ 255, 216 అన్న పుట్టుమచ్చ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఒక ఫొటో మొదలైనట్లు లెక్కవేసి ఎత్తి వేరొకచోట పెడుతుంది. దొరికినవాటిని అదే కార్డులో కాక కంప్యూటరులో భద్రపరచాలి. లేకపోతే రక్షించబోయి మనమే అద్దెవారి నెత్తిన గోడ కూల్చినవాళ్లమవుతాము. ఫైళ్ల పాత పేర్లు రావు. కాని ఫొటో తీసిన తేదీ, వేళ చిత్రం లోపలనే ఎక్జిఫ్ భాగంలో వ్రాసి ఉంటాయి గనుక వరుస పెట్టుకోవటం కష్టం కాదు. ఫొటో ముక్కలు ముక్కలుగా వేర్వేరు గదులలో ఉంటే మాత్రం ఈ పద్ధతి విఫలమవుతుంది.

గాలింపు దాదాపు గంటన్నర సాగింది. అక్కయ్య వంటింట్లోకి వెళ్లి వస్తూ, "ఎన్నయ్యాయిరా?" అని అడుగుతూనే ఉన్నది. చివరికి లెక్క చూస్తే పదిహేనులో పన్నెండు దొరికినవి. బూడిద ఫొటోలు ఆరింటిలో అయిదు, సున్న ఫొటోలు తొమ్మిదింటిలో ఏడు. మిగిలిన మూడింటి గదులలో మూడు కొత్త ఫొటోలు కాపురమున్నవి. వాళ్ల వీధి వినాయక చవితి పందిరివి. ఎవరో ముచ్చటపడి, కార్డు ఖాళీగా ఉన్నదని తీశారట.

మా కథ ముగించేముందు, ఇంటింటా వినిపించే మరి రెండు సంగతులు.

ఒకటి పెళ్లి సీడీలు. రెండువేల సంవత్సరం తరువాత పెళ్లిళ్లు చేసినవారి బీరువాలలో ఇవి తప్పక ఉంటాయి. ఇంటి కంప్యూటరులో వ్రాసే సీడీలో సమాచారం పలుచని రంగుపొరలో ఉంటుంది. ఎండా, వేడిమీ తగిలితే ఆ రంగు వెలిసిపోతుంది. మనమందరం మెరిసే అడుగుభాగాన్నే పువ్వులా చూసుకొంటాము గాని, సీడీకి అసలు ఆయువుపట్టు పేరు వ్రాసే పైభాగం. ఆ వైపున రంగుపొరకూ బయటి గాలికీ నడుమ అతి పలుచని పూత మాత్రమే ఉంటుంది. అడుగున గీత పడితే మెరుగు పెట్టి బాగుచేయవచ్చు, పైన గీరుకుపోతే దిక్కులేదు. పెన్నుతో గట్టిగా నొక్కి 'చిరంజీవి, సౌభాగ్యవతి' అని వ్రాసుకొన్నవారు నన్ను తిట్టుకోవద్దు. ఇంకా చదవగలుగుతున్నవాటిని ఈ వారమే హార్డు డిస్కులోకి ఎక్కించుకోండి. ఒక డ్రైవ్ చదవనిది మరొకటి చదవవచ్చు గనుక, మొదటి నిరాకరణతో పారవేయవద్దు.

రెండవది దొంగతనం. ఫొటోలన్నిటికీ ఒకే రాత్రిలో వింత తోకలు మొలిచి, ప్రతి సంచికలోనూ డబ్బు పంపమనే చీటీ కనిపిస్తే, అవి చెడిపోలేదు, తాళం పడినవి. కంప్యూటరును వెంటనే ఇంటర్నెట్ నుండి వేరుచేయాలి. డబ్బు పంపితే తాళంచెవి వస్తుందన్న పూచీ లేదు. యూరోపియన్ పోలీసు సంస్థ యూరోపోల్, డచ్చి పోలీసులు మరికొందరితో కలిసి 2016లో ప్రారంభించిన 'నో మోర్ ర్యాన్సమ్' వారు కొన్ని రకాల తాళాలకు ఉచితంగా చెవులు అందజేస్తున్నారు. మన దేశంలో ఫిర్యాదుకు 1930 నంబరు ఉన్నది.

ఇక మిగిలిన మూడు. సున్న పరిమాణం గల రెంటిలో వెదకటానికి ఏమీ లేదు. వాటిలో ఏమున్నదో మేనల్లుడికి కూడా జ్ఞాపకం లేదు. మూడవది బూడిద ఫొటో. పైన గోపురం, ఆకాశం. క్రింద ముఖాలుండవలసినచోట ఏమీ లేదు. అది నాన్నగారు నవ్విన ఫొటో అని అందరికీ తెలుసు. నీళ్లు చల్లగా తగిలేసరికి అమ్మ 'అబ్బో' అని వెనక్కి లాగితే ఆయన నవ్వారు. మొత్తం 46లో మాకు కావలసినది అదొక్కటే.

రెండు రోజులు దాని జోలికి పోలేదు. మూడవనాటి రాత్రి, ఎక్జిఫ్ భాగాన్ని గురించి చదువుతుండగా ఒక సంగతి కంటపడింది. కెమేరా తన వెనుక అద్దం మీద త్వరగా చూపటానికి, ప్రతి ఫొటో తల భాగంలోనే, అసలు చిత్రానికి ముందు, దాని చిట్టి నకలు ఒకటి దాస్తుంది. వెడల్పు 160 చుక్కలు, ఎత్తు 120 చుక్కలు. కోత పడినది క్రిందిభాగం. తల భాగం నిక్షేపంగా ఉన్నది.

అంతకు ముందు అక్కయ్య, 'చిన్న బొమ్మ కనిపిస్తుందిరా, నొక్కితే పెద్దది కాదు' అని చెబితే నేను చూపు తప్పు అనుకొని కొట్టిపారేశాను. సంచికలో ఫైళ్ల వరుస చూపేటప్పుడు కంప్యూటరు ఆమెకు చూపినది ఆ చిట్టి నకలునే కావచ్చు. ఆమె సరిగానే చూసింది.

ఇర్ఫాన్‌వ్యూతో దానిని విడదీయటానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. గోరంత చిత్రం. నీళ్లు, తడిసిన పంచె, అమ్మ ఎర్రచీర, ప్రక్కకు తిరిగి నవ్వుతున్న నాన్నగారు. దగ్గరకు లాగి చూస్తే చదరాలు చదరాలుగా చెదిరిపోతుంది. కొంచెం దూరం నుంచి చూస్తే ఆయనే.

మర్నాడు స్టూడియోకు తీసుకువెళ్లాము. ఆ కుర్రవాడు చూసి, "ఇంత చిన్నదాన్ని పెద్దది చేస్తే ముఖం మేమే కల్పించాలండీ, కంప్యూటరు కల్పిస్తుంది, బాగానే ఉంటుంది" అన్నాడు. అక్కయ్య వద్దన్నది. ఉన్నది ఉన్నట్లుగా, తపాలా బిళ్ల కన్న కొంచెం పెద్దదిగా రెండు ప్రతులు వేయించింది. ఒకటి అమ్మకు పంపింది. రెండవది తన కళ్లద్దాల పెట్టె మూతకు లోపలివైపు అతికించుకొన్నది.